తొమ్మిదికి తొమ్మిది గెలిచి, అసలు మ్యాచ్ ఆడని టీమ్: హిల్స్‌డేల్ 1955

ఈరోజు ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుందాం. మెస్సీ ఆడే ఫుట్‌బాల్ కాదు, అమెరికా వాళ్ల ఫుట్‌బాల్. నెత్తికి హెల్మెట్, భుజాలకి గట్టి ప్యాడ్లు, చేతిలో కోడిగుడ్డు ఆకారం బంతి. ఆ బంతి పట్టుకుని ఒకడు పరిగెడుతుంటే పదకొండు మంది మీద పడతారు. రూల్స్ తెలియకపోయినా కంగారు పడకండి. ఈ కథకి రూల్స్‌తో పెద్ద పని లేదు. ఎందుకంటే ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన మ్యాచ్ అసలు జరగనే లేదు.

ముందు ఊరు చూద్దాం. మిషిగన్ రాష్ట్రం అనగానే మన వాళ్లకి డెట్రాయిట్, ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ గుర్తొస్తాయి. కార్ల కంపెనీల పుణ్యమా అని అక్కడ తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. మీ అన్నయ్యో, మేనమామో, బీటెక్ ఫ్రెండో ఒకరైనా అక్కడ ఉండే ఉంటారు. నోవై నుంచి నైరుతి దిక్కుగా కారులో ఓ గంటన్నర వెళ్తే ఒహాయో సరిహద్దుకి దగ్గరగా హిల్స్‌డేల్ అనే చిన్న ఊరొస్తుంది. జనాభా ఎనిమిది వేలకి కాస్త అటూ ఇటూ. మన లెక్కలో ఒక మేజర్ పంచాయతీ. ఆ ఊళ్లో ఉన్న కాలేజీ పేరు కూడా హిల్స్‌డేలే.

ఈ కాలేజీ 1844లో స్ప్రింగ్ ఆర్బర్ అనే పక్క ఊళ్లో మొదలైంది. పెట్టింది ఫ్రీ విల్ బాప్టిస్టులు. 1853లో హిల్స్‌డేల్‌కి మారింది. బానిసత్వం ఇంకా చట్టబద్ధంగా నడుస్తున్న రోజులవి. అలాంటి రోజుల్లో, రంగు, మతం, ఆడామగా తేడా లేకుండా ఎవరైనా చదువుకోవచ్చని వీళ్లు కాలేజీ చార్టర్‌లోనే రాసుకున్నారు. అంతర్యుద్ధం వచ్చినప్పుడు ఇక్కడి నుంచి 400 మందికి పైగా కుర్రాళ్లు ఉత్తరాది సైన్యంలో చేరారు. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చి దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1863లో ఇక్కడికొచ్చి మాట్లాడాడు. ఇప్పుడు ఇదే కాలేజీ ప్రభుత్వ డబ్బు ఒక్క డాలర్ కూడా తీసుకోమనే పాలసీతో అమెరికా రాజకీయ చర్చల్లో కనిపిస్తూ ఉంటుంది. అది వేరే ఎపిసోడ్. మనం 1955లోనే ఉందాం.

ఇప్పుడు కాన్ఫరెన్స్ అంటే ఏంటో చెప్పాలి. మన దగ్గర జేఎన్‌టీయూ కాలేజీలన్నీ కలిసి ఇంటర్ కాలేజ్ టోర్నీ ఆడతాయి కదా, దాన్ని సీజన్ పొడుగునా సాగే లీగ్‌లా ఊహించుకోండి. అమెరికాలో ప్రతి కాలేజీ దాదాపు ఇలాంటి ఒక గుంపులో ఉంటుంది. మిషిగన్ యూనివర్సిటీ ఉన్నది బిగ్ టెన్‌లో. ఆన్ ఆర్బర్‌లో దాని స్టేడియంలో లక్ష మందికి పైగా పడతారు, టీవీ డబ్బులు, హంగామా అంతా అక్కడే. హిల్స్‌డేల్ ఉన్నది మిషిగన్ ఇంటర్‌కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్ అనే చిన్న గుంపులో. చిన్నదే కానీ 1888లో పుట్టింది, అమెరికాలో ఇప్పటికీ బతికున్న కాన్ఫరెన్సుల్లో అన్నిటికంటే పాతది. 1955లో ఇందులో ఫుట్‌బాల్ ఆడే కాలేజీలు ఏడు: హిల్స్‌డేల్, ఏడ్రియన్, ఆల్బియన్, ఆల్మా, హోప్, కాలమజూ, ఆలివెట్. అన్నీ ఒకే రాష్ట్రంలో. ఎక్కడికైనా పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం మ్యాచ్ ఆడి రాత్రికి హాస్టల్‌కి వచ్చి పడుకోవచ్చు. కాలమజూకి ఆల్బియన్‌కి మధ్య బ్యాటిల్ క్రీక్ అనే ఊరుంది. మన ఇళ్లలో కనిపించే కెలాగ్స్ కార్న్‌ఫ్లేక్స్ డబ్బా పుట్టిల్లు అదే. ఏరియా ఏంటో ఇప్పుడు ఐడియా వచ్చింది కదా.

1954లో హిల్స్‌డేల్‌కి కొత్త కోచ్ వచ్చాడు. అసలు పేరు ఫ్రాంక్ వాటర్స్. అందరూ పిలిచేది మడ్డీ వాటర్స్ అని, అంటే బురద నీళ్లు. అదే పేరుతో ఒక గొప్ప బ్లూస్ గాయకుడు కూడా ఉన్నాడు, ఆయన వేరు, ఈయన వేరు. ఈ మడ్డీ వాటర్స్ హిల్స్‌డేల్‌లో 1973 దాకా ఉన్నాడు, ఆ తర్వాత 1980లో మిషిగన్ స్టేట్ లాంటి పెద్ద యూనివర్సిటీకి కోచ్ అయ్యాడు. ఆయన వచ్చిన దగ్గర్నుంచి 1957 దాకా వరసగా నాలుగేళ్లు కాన్ఫరెన్స్ టైటిల్ హిల్స్‌డేల్‌దే. ఆ నాలుగేళ్లలో ఒక దశలో వరసగా 34 మ్యాచ్‌లు గెలిచారు. అప్పట్లో టీమ్‌ని డేల్స్ అనేవాళ్లు, ఇప్పుడు చార్జర్స్ అంటున్నారు.

ఆ 34లో భాగమే 1955 సీజన్. తొమ్మిది మ్యాచ్‌లు ఆడారు, తొమ్మిదీ గెలిచారు. కాన్ఫరెన్స్‌లో మిగతా ఆరు కాలేజీలనీ ఓడించారు. హాఫ్‌బ్యాక్ నేట్ క్లార్క్, అంటే బంతి పట్టుకుని పరిగెత్తే వాడు, ఈ టీమ్‌లో స్టార్. క్లార్క్ నల్లజాతి కుర్రాడు. అతనితో కలిపి టీమ్‌లో నల్లజాతి ఆటగాళ్లు నలుగురు.

ఈ నాలుగు అనే అంకె గుర్తుపెట్టుకోండి.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో బౌల్ గేమ్ అని ఒకటి ఉంటుంది. సీజన్ అయిపోయాక, డిసెంబర్ చివర్లోనో కొత్త సంవత్సరం నాడో, బాగా ఆడిన రెండు టీములని ఎవరో ఒక ఊరి వాళ్లు పిలిచి మ్యాచ్ పెట్టిస్తారు. ఇది మొదటి నుంచీ టూరిజం వ్యవహారమే. ఉత్తరాదిలో మంచు కురుస్తున్నప్పుడు మా ఊళ్లో ఎండ ఉంది రండి అని చెప్పుకోవడానికి పెట్టిన మ్యాచ్‌లు. అందుకే చాలావరకు దక్షిణాది ఊళ్లలోనే ఉంటాయి. పేర్లు కూడా స్థానిక పంటల పేర్లే. మయామీలో ఆరెంజ్ బౌల్, న్యూ ఆర్లీన్స్‌లో షుగర్ బౌల్, అప్పట్లో డాలస్‌లో కాటన్ బౌల్. మన దగ్గర గుంటూరు మిర్చి కప్పు, కోనసీమ కొబ్బరి కప్పు అని పెట్టినట్టు. ఫ్లోరిడాలో ఓర్లాండో వాళ్లు 1947 నుంచి టాంజెరిన్ బౌల్ నడుపుతున్నారు. టాంజెరిన్ అంటే మన కమలాపండు లాంటిది. డిస్నీ వరల్డ్ ఇంకా రాలేదు, అప్పటికి ఓర్లాండో అంటే పళ్ల తోటల ఊరు. ఈ బౌల్‌కి పిలిచేది చిన్న కాలేజీలనే. నడిపేది ఎల్క్స్ క్లబ్ వాళ్లు, వచ్చిన డబ్బు వికలాంగ పిల్లల ఆసుపత్రికి వెళ్లేది. మంచి పనే. అందుకే తర్వాత జరిగింది ఇంకా ఇబ్బందిగా అనిపిస్తుంది.

మిషిగన్ మంచులో ఉన్న కుర్రాళ్లకి ఫ్లోరిడా ట్రిప్ అంటే ఏంటో ఆలోచించండి. అందులో చాలామంది సముద్రం కూడా చూసి ఉండరు. ఈ స్థాయి కాలేజీలో ఆడే వాళ్లకి ప్రొఫెషనల్ లీగ్ కలలు తక్కువ. జీవితంలో ఆడబోయే పెద్ద మ్యాచ్ ఇదొక్కటే. తొమ్మిదికి తొమ్మిది గెలిచిన టీమ్‌కి ఓర్లాండో నుంచి పిలుపొచ్చింది. దాంతో పాటే కండిషన్ కూడా వచ్చింది. టీమ్ రావచ్చు, ఆ నలుగురు మాత్రం ఆడకూడదు.

టైమ్‌లైన్ ఒకసారి చూడండి. స్కూళ్లలో నల్లవాళ్లని విడిగా కూర్చోబెట్టడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో చెప్పింది 1954 మేలో. మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల పిల్లాడిని చంపేసింది 1955 ఆగస్టులో, అంటే హిల్స్‌డేల్ కుర్రాళ్లు ఆ సీజన్‌కి సిద్ధమవుతున్న రోజుల్లో. హంతకులని జ్యూరీ వదిలేసింది సెప్టెంబర్‌లో. మాంట్‌గోమరీ బస్సులో రోజా పార్క్స్ సీటు ఇవ్వనన్నది డిసెంబర్ 1న. చట్టం ఒక మాట చెప్తోంది, ఊళ్లు ఇంకో పని చేస్తున్నాయి. ఆ ఫ్లోరిడా నుంచే ఈ పిలుపు.

ఇక్కడొక విషయం. ఇలాంటి కండిషన్ పెట్టడం కొత్త కాదు, దానికి ఒప్పుకోవడం అంతకంటే కొత్త కాదు. దీనికి ముద్దుగా పెద్దమనుషుల ఒప్పందం అని పేరు. ఉత్తరాది టీమ్ దక్షిణాది టీమ్‌తో ఆడాల్సి వస్తే నల్ల ఆటగాడిని చడీచప్పుడు కాకుండా బెంచ్ మీద కూర్చోబెట్టేస్తారు. గాయమైందనో, పరీక్షలున్నాయనో ఏదో ఒకటి చెప్తారు. మీటింగులో అందరూ తలూపుతారు, బయటికొచ్చాక ఎవరూ దాని గురించి మాట్లాడరు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన ఐదేళ్లలో అలాంటి తలూపుడు మీటింగులు నేనూ చూశాను, అక్కడ పోయేది ఎవరిదో అప్రైజల్ మాత్రమే అనుకోండి.

హిల్స్‌డేల్‌కి కూతవేటు దూరంలోనే దీనికి పాత ఉదాహరణ ఉంది. 1934 అక్టోబర్. ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ యూనివర్సిటీకీ జార్జియా టెక్‌కీ మ్యాచ్. మిషిగన్ టీమ్‌లో విల్లిస్ వార్డ్ అని నల్లజాతి ఆటగాడు. మామూలు వాడు కాదు, మరుసటి ఏడాది పరుగు పందెంలో జెస్సీ ఓవెన్స్‌నే ఓడించాడు. నల్లవాడు దిగితే మేం ఆడం అంది జార్జియా టెక్. ఆడేది మిషిగన్ గడ్డ మీద, వాళ్ల సొంత స్టేడియంలో. అయినా మిషిగన్ ఒప్పుకుంది. బదులుగా జార్జియా టెక్ కూడా తమ ఆటగాడు ఒకడిని పక్కన పెట్టింది, లెక్క సరిపోయిందన్నట్టు. క్యాంపస్‌లో స్టూడెంట్లు గొడవ చేశారు, సంతకాలు సేకరించారు, ఏమీ మారలేదు. వార్డ్ లేకుండానే మిషిగన్ 9-2 తేడాతో గెలిచింది. ఆ సీజన్ మొత్తంలో వాళ్లు గెలిచింది ఆ ఒక్క మ్యాచే. ఆ టీమ్‌లో సెంటర్ పొజిషన్‌లో ఆడిన కుర్రాడి పేరు జెరాల్డ్ ఫోర్డ్. అవును, తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయిన ఫోర్డే. అరవై ఐదేళ్ల తర్వాత, 1999లో, న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాస్తూ ఆయన మళ్లీ ఈ వార్డ్ సంగతే ఎత్తాడు. అంటే అది ఆయనని ఎంతకాలం వెంటాడిందో చూడండి.

అంత పెద్ద యూనివర్సిటీ, సొంత స్టేడియం, లోకమంతా తెలిసిన పేరు. వాళ్లు వద్దు అంటే పోయేది ఒక్క మ్యాచ్. అయినా అనలేదు. హిల్స్‌డేల్ వద్దు అంటే పోయేది ఆ కుర్రాళ్ల జీవితంలో ఒకే ఒక్క పెద్ద మ్యాచ్. వాళ్లు అన్నారు. నలుగురు లేకుండా రాం, వస్తే అందరం వస్తాం, లేకపోతే ఎవరం రాం. టాంజెరిన్ బౌల్‌కి నో చెప్పి ఇంట్లో కూర్చున్నారు.

ఓర్లాండో వాళ్లకి పెద్దగా ఇబ్బంది కలగలేదు. పెన్సిల్వేనియా నుంచి జునియాటా కాలేజీ, మిస్సోరీ నుంచి మిస్సోరీ వ్యాలీ కాలేజీ వచ్చాయి. 1956 జనవరి 2న మ్యాచ్ జరిగింది, 6-6 డ్రా. జునియాటా కూడా ఆ సీజన్‌లో ఓటమి లేని టీమే. వాళ్లని తప్పు పట్టడానికి లేదు.

అదే జనవరి 2. న్యూ ఆర్లీన్స్‌లో షుగర్ బౌల్. ఒకవైపు పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ, వాళ్ల టీమ్‌లో బాబీ గ్రియర్ అనే నల్లజాతి ఆటగాడు. రెండోవైపు ఎవరో ఊహించండి. జార్జియా టెక్, 1934 నాటి అదే జార్జియా టెక్. డిసెంబర్ మొదట్లో జార్జియా గవర్నర్ మార్విన్ గ్రిఫిన్, నల్లవాడున్న టీమ్‌తో మన కాలేజీ ఆడకూడదని గోల మొదలుపెట్టాడు. పిట్స్‌బర్గ్ వాళ్లు గ్రియర్ లేకుండా మేం రామన్నారు. ఇక్కడొచ్చింది అసలు ట్విస్ట్. జార్జియా టెక్ స్టూడెంట్లు, అందరూ తెల్లవాళ్లే, అట్లాంటా వీధుల్లోకి వచ్చేశారు. గవర్నర్ దిష్టిబొమ్మ తగలబెట్టారు, ఊరేగింపుగా ఆయన ఇంటి దాకా వెళ్లారు. సమానత్వం మీద ప్రేమతో వెళ్లారా, తమ టీమ్ బౌల్ మ్యాచ్ పోతోందన్న కోపంతో వెళ్లారా? నా లెక్కలో రెండోదే ఎక్కువ. కానీ యూనివర్సిటీల బోర్డు కొద్ది రోజుల్లోనే ఆడటానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. గ్రియర్ ఆడాడు, షుగర్ బౌల్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. జార్జియా టెక్ 7-0తో గెలిచింది. ఆ ఒక్క టచ్‌డౌన్‌కి ముందు రిఫరీ పెనాల్టీ ఇచ్చింది గ్రియర్ మీదే. ఆ పెనాల్టీ సరైనదేనా అనే వాదన ఇంకా తెగలేదు. అదే ఏడాది లూసియానా రాష్ట్రం తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి ఆడటాన్నే నిషేధిస్తూ చట్టం చేసింది. అది 1959లో సుప్రీంకోర్టులో కొట్టుకుపోయింది.

ఒకే రోజు రెండు బౌల్స్. గవర్నర్ ఉన్న కథ పేపర్లకెక్కింది, గవర్నర్ లేని చిన్న కాలేజీ కథ దాదాపు ఊళ్లోనే ఉండిపోయింది. నాకు రెండోదే ఎక్కువ నచ్చుతుంది. పిట్స్‌బర్గ్ పట్టుబట్టింది, పట్టుబట్టి మ్యాచ్ కూడా ఆడింది. హిల్స్‌డేల్‌కి పట్టుబట్టినందుకు చేతికి వచ్చింది ఏమీ లేదు.

ఆ నలుగురి వైపు నుంచి కూడా ఒకసారి ఆలోచించాలి. ఇలాంటి కండిషన్‌లో ఉన్న అసలు విషం ఏంటంటే, బరువంతా తీసుకెళ్లి వాళ్ల నెత్తిన పెడుతుంది. టీమ్ వెళ్తే వాళ్లు ఇంట్లో ఉండాలి. టీమ్ ఆగిపోతే, నా వల్ల వీళ్లందరి ట్రిప్పు పోయిందనే ఫీలింగ్. రెండు వైపులా ఖర్చు వాళ్లదే. కండిషన్ పెట్టిన వాళ్లు మాత్రం మాదేముంది, ఇక్కడి పద్ధతి అంతే అని చేతులు దులుపుకుంటారు.

ఇది అమెరికా వాళ్ల రోగం మాత్రమే అనుకుని మనం హాయిగా కూర్చోలేం లెండి. పల్వంకర్ బాలూ పేరు విన్నారా? 1911లో ఇంగ్లండ్ టూర్‌లో వందకి పైగా వికెట్లు తీసిన స్పిన్నర్, దళితుడు. పూనాలో తన టీమ్ వాళ్లే ఆయనకి టీ బయట, విడిగా ఇచ్చేవాళ్లు. హిందూస్ టీమ్‌కి కెప్టెన్సీ ఆయనకి ఎప్పుడూ ఇవ్వలేదు. 1920లో దీనికి నిరసనగా టీమ్ నుంచి తప్పుకున్నది ఎవరంటే ఆయన తమ్ముళ్లు విఠల్, శివరామ్. 1923లో విఠల్ కెప్టెన్ అయ్యాడు. తేడా గమనించారా? అక్కడ తప్పుకున్నది సొంత తమ్ముళ్లు. హిల్స్‌డేల్‌లో తప్పుకున్నది టీమ్ మొత్తం.

వద్దు అంటే ఏదైనా మారుతుందా అని అడగొచ్చు. ఒక్కోసారి మారుతుంది. 1947లో ఇండియానాలో ఒక బాస్కెట్‌బాల్ కోచ్, జాన్ వుడెన్, ఇండియానా స్టేట్ టీమ్‌కి వచ్చిన చిన్న కాలేజీల జాతీయ టోర్నీ పిలుపుని తిరస్కరించాడు. కారణం, తన టీమ్‌లోని క్లారెన్స్ వాకర్‌ని ఆడనివ్వమన్నారు. వాకర్ స్టార్ ప్లేయర్ కూడా కాదు, బెంచ్ మీద ఉండే కుర్రాడు. మరుసటి ఏడాది ఆ రూల్ ఎత్తేశారు. 1948లో వాకర్ ఆడాడు, ఆ టోర్నీలో మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. ఒక్క ఏడాదిలో పని జరిగింది.

ఓర్లాండోలో అలా జరగలేదు. 1958లో న్యూయార్క్ రాష్ట్రం నుంచి బఫెలో యూనివర్సిటీ 8-1 రికార్డుతో సీజన్ ముగించింది. అదే టాంజెరిన్ బౌల్ నుంచి పిలుపు. ఈసారి స్టేడియం లీజు ఓర్లాండో హైస్కూల్ అథ్లెటిక్ అసోసియేషన్ చేతిలో ఉంది, తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి ఆడే మ్యాచ్‌లకి వాళ్లు గ్రౌండ్ ఇవ్వరట. బఫెలో టీమ్‌లో ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లు, విల్లీ ఎవాన్స్, మైక్ విల్సన్. కోచ్ డిక్ ఆఫెన్‌హేమర్ నిర్ణయం టీమ్‌కే వదిలేశాడు. ఒక్కరు కూడా తేడా లేకుండా వద్దు అన్నారు. ఆ యూనివర్సిటీకి వచ్చిన మొట్టమొదటి బౌల్ పిలుపు అది. ఓర్లాండో వాళ్లు ఈస్ట్ టెక్సస్ స్టేట్‌ని పిలిచి, మిస్సోరీ వ్యాలీతో ఆడించుకున్నారు.

రెండు పద్ధతులకీ తేడా నాకు కనిపించింది ఇక్కడే. 1934లో నిర్ణయం మూసిన తలుపుల వెనక డైరెక్టర్లు తీసుకున్నారు. 1958లో అదే ప్రశ్న కుర్రాళ్ల ముందు పెట్టారు. పక్కన కూర్చున్న విల్లీ ఎవాన్స్ మొహం చూస్తూ, నువ్వుండిపో, మేం వెళ్లొస్తాం అని చెప్పడం అంత తేలిక కాదు కదా.

హిల్స్‌డేల్ సంగతికొస్తే, 1956లో కూడా వాళ్లు ఓడలేదు. 1957లో కూడా రెగ్యులర్ సీజన్ అంతా గెలిచి, చివరికి ఫ్లోరిడా వెళ్లారు. ఓర్లాండో కాదు, సెయింట్ పీటర్స్‌బర్గ్. హాలిడే బౌల్, చిన్న కాలేజీల జాతీయ ఛాంపియన్‌షిప్ మ్యాచ్. అది నడిపింది ఎవరో తెలుసా? క్లారెన్స్ వాకర్ కోసం రూల్ మార్చుకున్న ఆ సంస్థే. కాన్సాస్ నుంచి వచ్చిన పిట్స్‌బర్గ్ స్టేట్‌తో ఆడి 27-26తో ఓడిపోయారు. ఒక్క పాయింట్. 34 గెలుపుల వరస అక్కడ తెగింది. తర్వాత 1960ల మొదట్లో హిల్స్‌డేల్ ఆ పాత చిన్న కాన్ఫరెన్స్ నుంచి కూడా బయటికొచ్చేసింది. ఇప్పుడు వాళ్ల స్టేడియానికి మడ్డీ వాటర్స్ పేరే ఉంది.

టాంజెరిన్ బౌల్‌లో గోడ పడిపోవడానికి ఇంకా టైం పట్టింది. 1966 డిసెంబర్‌లో, అదే ఓర్లాండోలో, బాల్టిమోర్ నుంచి వచ్చిన మోర్గన్ స్టేట్, అంటే నల్లజాతి విద్యార్థుల కోసం నడిచిన కాలేజీ, వెస్ట్ చెస్టర్ టీమ్‌ని 14-6తో ఓడించింది. హిల్స్‌డేల్ నలుగురినీ వద్దన్న పదకొండేళ్లకి.

ఇక బఫెలో. 1958 పిలుపుని వదులుకున్నాక మళ్లీ బౌల్ దాకా రావడానికి వాళ్లకి యాభై ఏళ్లు పట్టింది. 2008 డిసెంబర్‌లో మిడ్ అమెరికన్ కాన్ఫరెన్స్ ఫైనల్‌లో అప్పటిదాకా ఓటమే లేని బాల్ స్టేట్‌ని 42-24తో కొట్టి, 2009 జనవరి 3న టొరంటోలో ఇంటర్నేషనల్ బౌల్ ఆడారు. కనెటికట్ చేతిలో 38-20తో ఓడారు. ఆ ట్రిప్‌కి 1958 టీమ్‌లో బతికున్న వాళ్లని కూడా యూనివర్సిటీ తీసుకెళ్లింది. డెబ్భై దాటిన పెద్దవాళ్లు, యాభై ఏళ్లు లేటుగా తమ బౌల్ ట్రిప్‌కి వెళ్లారు. విల్లీ ఎవాన్స్ కూడా వాళ్లలో ఉన్నాడు.

ఈ ఎపిసోడ్ ఇంతే అండీ. విల్లిస్ వార్డ్ మీద విడిగా ఒక పూర్తి ఎపిసోడ్ చేయాలి. ఆయన తర్వాత లాయరయ్యాడు, డెట్రాయిట్‌లో జడ్జి కూడా అయ్యాడు, ఆ కథ చాలా ఉంది. వచ్చే వారం కలుద్దాం, ఉంటాను.